చూసిచెప్పు బాబాయి

నల్ల బైనాక్యులర్ మంచిదా, ఆకుపచ్చ బైనాక్యులర్ మంచిదా అన్న ఒక్క విషయం తేల్చుకోవడానికి మనిషికి ఎంతకాలం పడుతుంది? మామూలు మనిషికి అరగంట. కాస్త చాదస్తం ఉన్నవాడికి రెండు పూటలు. మా చూసిచెప్పు బాబాయికి ఆరేళ్ళు పట్టింది, ఇంకా తేలలేదు. అందులో నాలుగేళ్ళు నేను కౌంటరుకి ఇవతల నిలబడి ఆయన తేల్చుకోవడం చూశాను. ఆ నాలుగేళ్ళలో నేను ఏడు ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టాను, ఒక ప్రేమ మొదలుపెట్టి పోగొట్టుకున్నాను, రెండు బీరువాల పుస్తకాలు చదివాను. ఆయన నల్లది కింద పెట్టి పచ్చది అందుకున్నాడు. పచ్చది కింద పెట్టి నల్లది అందుకున్నాడు.

మాది బైనాక్యులర్లు, టెలిస్కోపులు, భూతద్దాలు అమ్మే షాపు. కౌంటరు ముందు వెడల్పాటి గాజు గోడ. దానికి ఎదురుగా, వీధి దాటి నాలుగు మేడల అవతల, ఇనుప రెయిలింగు చుట్టిన నీళ్ళ ట్యాంకు. పిట్టలకి ఆ రెయిలింగంటే ఏం ఇష్టమో తెలియదు, ఎప్పుడు చూసినా ఏదో ఒకటి దానిమీద కూర్చుని ఉండేది. పిట్టల్ని చూడాలన్న సరదాతో కొనడానికి వచ్చినవాళ్ళని ఆ గాజు ముందు నిలబెట్టి, 'అదిగో సార్, గద్ద' అనడమే నా ఉద్యోగం. గద్ద లేని రోజు కాకితో సరిపెట్టేవాణ్ణి.

మా షాపులో అన్నింటికన్నా ఖరీదైనవి రెండే. ఒకటి నల్లది, ఒకటి పచ్చది. రెండూ ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తాయి. రెండింటి అద్దాలూ ఒకే వెడల్పు. రెండింటినీ వానలో తడపొచ్చు. కొనేవాళ్ళు రంగు చూసి కొనేవాళ్ళు. రంగు చూసి కొనడం తెలివితక్కువతనమని నమ్మిన ఒకే ఒక్క మనిషి బాబాయి.

ఆయన అసలు పని గడియారాలు బాగుచెయ్యడం. కుడికంటికి చిన్న భూతద్దం గొట్టం బిగించుకుని, ఎడమకన్ను మూసుకుని నలభై ఏళ్ళు పనిచేశాడు. పని మానేశాక కూడా కన్ను మూసుకోవడం మానలేదు. రెండు కళ్ళతో చూడాల్సిన బైనాక్యులర్‌ని ఎడమకన్ను గట్టిగా మూసి కుడి గొట్టంలోంచే చూసేవాడు.

"రెండో గొట్టానికి డబ్బు పుచ్చుకోవడం మానేస్తాంలే బాబాయ్" అనేవాణ్ణి.

"అలవాటోయ్. చచ్చినా పోదు. దానికేగా నిన్ను పిలుస్తా. ఇదిగో, ఇందులోంచి చూసి చెప్పు."

అదీ ఆయన పేరు వెనక కథ. అసలు పేరు బిల్లుమీద రాస్తే కదా తెలిసేది. ఆరేళ్ళలో బిల్లు చేయించుకుంటే కదా రాసేది.

ప్రతి మంగళవారం పదకొండు గంటలకి వచ్చేవాడు. ముందు బైనాక్యులర్ల జోలికి వెళ్ళేవాడు కాదు. మా షాపు గోడమీద పాత గడియారం ఒకటి ఉంది, ఎనిమిది రోజులకోసారి కీ ఇవ్వాల్సిన రకం. ఆ కీ బాబాయి జేబులో ఉండేది. స్టూలెక్కి, చెవి ఆనించి, లోపల ఎవరో గుసగుసలాడుతున్నట్టు విని, పన్నెండు చుట్లు తిప్పి దిగేవాడు.

ఆ కీ వల్లే మా ఓనరుగారు ఆయన్ని ఏమీ అనలేకపోయేవారు. ప్రతి సోమవారం సాయంత్రం షట్టరు దించుతూ తీర్మానం చేసేవారు. "రేపు మొహమాటం లేకుండా చెప్పేస్తా. కొంటే కొనమను, లేదా ఇంట్లో కూర్చోమను." మంగళవారం పొద్దుటికి గడియారం నీరసంగా కొట్టుకుంటూ ఉండేది. ఓనరుగారు దానివైపు చూసి, గుమ్మంవైపు చూసి, "సరే, ఇవాళ్టికి కీ ఇచ్చి వెళ్ళనీ" అనేవారు.

ఒకసారి ధైర్యం చేసి ఆ కీ షాపులోనే పెట్టెయ్యమని అడిగారు.

"అలాగే పెడతా" అన్నాడు బాబాయి. "కానీ దానికి నా చెయ్యి అలవాటు. కొత్త చెయ్యి పడితే అలుగుతుంది. తర్వాత మీ ఇష్టం."

ఓనరుగారు బేరంలో ఎవరికీ లొంగరు. గడియారం అలుగుతుందంటే మాత్రం నమ్మేశారు.

ఇక పరీక్ష మొదలయ్యేది. జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి రెండింటి అద్దాలూ తుడిచేవాడు. బైనాక్యులర్‌కి కుడి గొట్టం మీద, కన్ను ఆనించే చోట, సన్నటి రింగు ఉంటుంది. మనిషికి రెండు కళ్ళ చూపూ సరిగ్గా ఒకేలా ఉండదు కాబట్టి, ఎవరికి వారు ఆ రింగు కాస్త అటో ఇటో తిప్పి కుడికంటికి బొమ్మ కుదిరేలా చేసుకోవాలి. మధ్యలో సున్నా, అటూ ఇటూ చిన్న గీతలు. బాబాయి ఎవరి చేతికిచ్చినా ముందు దాన్ని సున్నా మీదకి తెచ్చి ఇచ్చేవాడు. తిరిగి తీసుకున్నాక కుడికన్ను దానికి ఆనించినంత దగ్గరగా పెట్టి చూసి, పొడవాటి నోటుబుక్కులో ఏదో రాసుకునేవాడు. నల్లదానికీ పచ్చదానికీ మార్కులు వేస్తున్నాడని మేమంతా అనుకున్నాం.

ఆయన పెట్టిన పరీక్షలు ఒకటా రెండా. నల్లది మెడలో వేసుకుని అరగంట, పచ్చది వేసుకుని అరగంట కూర్చుని, ఏది వేసుకున్నప్పుడు మెడ ఎంత సాగిందో మా బిల్లులక్క చేత టేపుతో కొలిపించాడు. వంగి చెప్పుల పట్టీ పెట్టుకుంటుంటే ఏది గడ్డానికి తగులుతుందో చూశాడు. రెండూ తగిలాయి. నల్లది కొంచెం మర్యాదగా తగిలిందన్నాడు. మధ్యలో ఉండే చక్రం తిప్పుతూ చెవి పెట్టి విన్నాడు. పచ్చది నిద్రలో పళ్ళు కొరుకుతోందన్నాడు. నేనూ విన్నాను. నాకేమీ వినబడలేదు. ఆ రాత్రి మాత్రం కలలో వినబడింది.

వీటన్నింటికన్నా ఘోరం, ఆయన ఒంటరిగా తేల్చుకునేవాడు కాదు. షాపులోకి అడుగుపెట్టిన ప్రతి ప్రాణీ చూసి చెప్పాల్సిందే. ఉత్తరాలిచ్చి పోదామని వచ్చిన పోస్టుమాను చూసి చెప్పాడు. ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చినవాడు నిచ్చెన మీదనుంచే చూసి చెప్పాడు. దారి తప్పి అడ్రసు అడగడానికి వచ్చిన ఒక పెద్దావిడ నల్లదాంట్లోంచీ పచ్చదాంట్లోంచీ చూసి చెప్పి, తనకి కావాల్సిన అడ్రసు మరిచిపోయి వెళ్ళిపోయింది.

"రెయిలింగు మీద కొంగ ఉందా?"

"ఉంది."

"కంటి చుట్టూ పసుపు గీత ఉండాలి. ఉందా?"

"కన్నే కనబడట్లేదు నాయనా."

"ఎడమకన్ను మూసి చూడమ్మా. ఆఁ. ఇప్పుడు కుడిది మూసి చూడు. తొందరేం లేదు, కొంగకీ పనిలేదు."

నిజంగా కొనడానికి వచ్చినవాళ్ళని కూడా ఆయన వదిలేవాడు కాదు. ఒకాయన ఇంట్లో భార్యతో వాదించి గెలిచి, పచ్చది కొనడానికి ఉత్సాహంగా వచ్చాడు. బాబాయి ఆయన చేత గంటసేపు పావురాల ముక్కులు చూపించి, చివరికి, "ఇవాళ కొనకండి. ఈ పచ్చదానికీ మీ కంటికీ ఎందుకో పడట్లేదు. ఓసారి కళ్ళ డాక్టరుకి చూపించుకుని, ఆ తర్వాత కొనుక్కోండి. ఇది ఎక్కడికీ పోదు" అన్నాడు. ఆయన బుద్ధిగా వెళ్ళిపోయాడు.

ఓనరుగారు తల పట్టుకున్నారు. "గుమ్మందాకా వచ్చిన బేరాన్ని ఆస్పత్రికి తోలాడు చూడు. ఈయన్ని ఎవరు పంపారు నా మీదకి?"

నాకు మాత్రం లోపల సంతోషంగా ఉండేది. కొనేవాళ్ళంటే నాకు పడేది కాదు. ఇంట్లో పరిస్థితి వల్ల చదువు మధ్యలో ఆపేసినవాణ్ణి. ఆ కసి కొద్దీ పాత పుస్తకాల దుకాణంలో దొరికినవన్నీ చదివేవాణ్ణి. కౌంటరు కింద ఎప్పుడూ ఒక పుస్తకం తెరిచి ఉండేది. కొంగ కంటి చుట్టూ ఉన్న గీత చూడ్డానికి అంత డబ్బు పోసే మనుషులు, మూరెడు దూరంలో నిలబడ్డ సేల్స్‌మన్ మొహం ఎలా ఉంటుందో చూడరు అని నా ఉద్దేశం. ఆ వాక్యం నాకెంత నచ్చిందంటే, ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నాను.

ఆ రోజుల్లోనే దేశంలో అచ్చువేసేవాళ్ళందరికీ ఒక్కసారిగా బుద్ధి చెడింది. ఏ పుస్తకం తెరిచినా ప్రతి అక్షరం వెనక బూడిదరంగు నీడ. ఒకే అక్షరాన్ని రెండుసార్లు అచ్చుకొట్టినట్టు. ఒక ప్రచురణకర్తకి ఘాటుగా ఉత్తరం రాశాను, పాఠకుడంటే ఇంత చులకనా అని. పాపం, వాళ్ళు క్షమాపణ చెప్పి ఇంకో ప్రతి పంపారు. అందులోనూ నీడే. వీళ్ళు మారరని తేల్చుకున్నాను. మనిషి తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో అని అప్పట్లో చాలా ఆలోచించేవాణ్ణి, ఆ ప్రచురణకర్త గురించి.

"అబ్బాయ్, గద్దని చూసి చెప్పు" అన్నాడు బాబాయి ఒక మంగళవారం. "కుడికంటితో."

"రెండు తలలున్నాయి బాబాయ్, మీ గద్దకి" అని నవ్వాను.

"పచ్చదాంట్లోంచి?"

"అందులోనూ రెండే. మంచి జోడు."

ఆయన నవ్వలేదు. రింగు చూసి రాసుకున్నాడు. "పచ్చదానికీ నీకూ పడట్లేదు. నల్లదీ అంతే. ఓసారి కన్ను చూపించుకోకూడదూ?"

"మీకు ఇంకో పనేం లేదా? నాకు కొనే స్తోమత లేదు, నన్నెందుకు ఆస్పత్రికి తోలడం?"

ఆయన మరో నాలుగైదు నెలలకి మళ్ళీ అన్నాడు. నేను అచ్చువాళ్ళ గురించి ఉపన్యాసం ఇచ్చాను. మొత్తం విని, "అయితే అందరూ అలాగే వేస్తున్నారంటావు" అన్నాడు. "అందరూ" అన్నాను నేను, గర్వంగా.

నేను కోరుకున్నది లోకంలో ఒక్కటే. ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. పగలంతా చదవడానికి జీతమిచ్చే చోటు ఇంకొకటి నాకు తెలియదు. పరీక్షకి పిలిచారు. రెండు పేజీలిచ్చి తప్పులు పట్టమన్నారు. భాష విషయంలో నాతో పోటీపడేవాడు ఆ గదిలో లేడని నాకు తెలుసు. గంట తర్వాత అక్కడి పెద్దాయన నా కాగితాలు చూసి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"నలభై తప్పులుంటే పదిహేడు పట్టుకున్నావు. సరిగ్గా ఉన్నవాటిని తొమ్మిదింటిని దిద్దావు. నీకు భాష వచ్చు బాబూ. శ్రద్ధ లేదు. ఆరు నెలలాగి ఇంకోసారి రా."

శ్రద్ధ లేదట. తిండి మానేసి పుస్తకాలు కొన్నవాడికి.

మర్నాడు మంగళవారం. పదకొండింటికి బాబాయి వచ్చాడు, గడియారానికి కీ ఇచ్చాడు, గుడ్డ తీశాడు. షాపులో ఇద్దరు కొనేవాళ్ళు, బిల్లులక్క, ఓనరుగారు. ఆయన నల్లది సున్నా మీద పెట్టి నాకందించాడు. చూసి ఇచ్చేశాను. పచ్చది అందించాడు. చూసి ఇచ్చేశాను. రింగు చూసి నోటుబుక్కు తెరిచి, చాలా మెల్లగా అన్నాడు.

"కోప్పడకుండా విను. ఇది మూడోసారి చెప్పడం. నీ కన్ను..."

అక్కడితో నాలో ఏదో తెగింది.

"ఆరేళ్ళుగా ఒక్క రూపాయి తియ్యకుండా కాకుల్ని చూసిపోతున్నారు. ఒక కన్ను మూసుకుని చూసే మనిషికి రెండు గొట్టాల సామాను దేనికండీ? మీది కొనే మొహం కాదు. అందరికీ తెలుసు, మొహమాటానికి ఎవరూ అనట్లేదు. ఇంట్లో తోచకపోతే వేరే ఎక్కడైనా కాలక్షేపం చేసుకోండి."

బాబాయి రెండు రింగులూ సున్నా మీదకి తిప్పాడు. మూతలు పెట్టాడు. గుడ్డ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"సరే అబ్బాయ్" అని వెళ్ళిపోయాడు. నోటుబుక్కు కౌంటరు మీదే మరిచిపోయాడు. దాన్ని తీసి సొరుగులో విసిరేశాను. గెలిచినట్టనిపించింది. సాయంత్రం దాకా అనిపించింది.

తర్వాతి మంగళవారం ఆయన రాలేదు. బుధవారం నాలుగుంబావుకి గడియారం ఆగిపోయింది. ఓనరుగారు స్టూలెక్కి పట్టకారుతో కీ రంధ్రంలో ఏదో ప్రయత్నించి, అది చేసిన చప్పుడుకి భయపడి దిగిపోయారు. "అలిగింది" అన్నారు.

ఇంకో మంగళవారం పోయింది. పదకొండయితే గుమ్మంవైపు చూడడం అందరికీ అలవాటు. పదకొండు ఎప్పుడయిందో చెప్పే గడియారం లేదు కాబట్టి రోజంతా చూసేవాళ్ళం. కొన్నాళ్ళకి ఓనరుగారు సోమవారం తీర్మానాలు కూడా మానేశారు. "ఆయన ఏదో ఒకటి కొనేసి ఉంటాడులే, వేరే షాపులో" అనుకున్నారు పైకే. ఆ మాటలో కోపం లేదు, అసూయ ఉంది.

ఐదో వారంలో పోస్టుమాను వచ్చాడు. ముక్కుమీద కొత్త కళ్ళజోడు.

"బాబాయిగారేరీ? చూపిద్దామని వచ్చా. 'పచ్చదానికీ నీకూ పడట్లేదు' అని రెండేళ్ళు పోరుపెట్టాడు. విసుగొచ్చి వెళ్ళా. డాక్టరమ్మ చూసి, ఇన్నాళ్ళూ ఉత్తరాలు ఎవరింట్లో వేశావయ్యా అంది."

బిల్లులక్క తలెత్తింది. "నాకూ అదే చెప్పాడు. నల్లదానికి నువ్వంటే గిట్టట్లేదమ్మా అన్నాడు. తలనొప్పి మాత్రలు మానేసి ఏడాదయింది."

నేను సొరుగు తెరిచి ఆ నోటుబుక్కు బయటికి తీశాను.

అందులో బైనాక్యులర్ల గురించి ఒక్క ముక్క లేదు. మెడలు, గడ్డాలు, పళ్ళు కొరకడాలు ఏవీ లేవు. ఉన్నదంతా మనుషులు. పోస్టుమాను, బిల్లులమ్మాయి, ఓనరు, ఫ్యానాయన, అడ్రసావిడ. ఒక్కొక్కరికి ఒక్కొక్క పేజీ. తేదీ, ఆ పక్కన నల్లదాని రింగు ఎన్నో గీత దగ్గర ఆగింది, పచ్చదాని రింగు ఎన్నో గీత దగ్గర ఆగింది. ఒక్కదాంతో చూస్తే తప్పు సామానుదేమో అన్న అనుమానం ఉంటుంది. రెండూ ఒకే గీత దగ్గర ఆగితే తప్పు కంటిదే. అందుకే ఆయనకి రెండు కావలసి వచ్చింది. 'రండి, మీ కళ్ళు పరీక్ష చేస్తాను' అంటే ఎవరొస్తారు? కొంగ కంటి చుట్టూ గీత ఉందో లేదో చూడమంటే కాదనేవాళ్ళెవరు?

నా పేజీ చివర్లో ఉంది. 'పుస్తకాలబ్బాయి.' మొదట్లో ఒక గీత. ఏడాది తిరిగేసరికి రెండు. తర్వాత మూడు, నాలుగు. ఆఖరి తేదీకి ఆరు. పక్కన సన్నటి రాత, గడియారం లోపల రాసినట్టు.

'గద్దకి రెండు తలలన్నాడు. నవ్వాడు.'

'చెప్పాను. ఆస్పత్రికి తోలకండి అన్నాడు.'

'మళ్ళీ చెప్పాను. అచ్చువాళ్ళని తిట్టాడు.'

'ఈసారి మెల్లగా చెప్పాలి. వయసు తక్కువ, కోపం ఎక్కువ. డాక్టరుగారికి చెప్పి ఉంచాను.'

ఆ అక్షరాల వెనక కూడా నీడ ఉంది. ఈసారి ఎవర్నీ తిట్టలేదు.

పోస్టుమాను చెప్పిన డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళాను. ఆవిడ నా కుడికంటిలోకి చాలాసేపు చూసింది. కంటి ముందువైపు అద్దంలాంటి పొర పల్చబడి, ముందుకి పొడుచుకొస్తోందట. పోయిన చూపు మొత్తం తిరిగి రాదు, కానీ ఇంకా పోకుండా ఆపొచ్చు. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఆపడానికి కూడా ఏమీ మిగిలేది కాదంది.

"ఎవరు పంపారు?" అని అడిగింది.

"గడియారాలు బాగుచేసే ఆయన."

ఆవిడ కలం కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది. "పుస్తకాలబ్బాయివి నువ్వేనా? ఏడాదిన్నర నుంచి వస్తావు, వస్తావు అంటున్నాడాయన. ఇంత ఆలస్యమా?"

శ్రద్ధ లేకపోయిందండి అన్నాను.

ఏదో మందు చుక్కలు వేసి, నీలం వెలుతురు పెట్టి ఆ పొరని గట్టిపరిచారు. కట్టు విప్పిన మర్నాడు నోటుబుక్కు తీసుకుని, డాక్టరమ్మని అడ్రసు అడిగి ఆయన ఇంటికి వెళ్ళాను. తలుపు ఆయన భార్య తీసింది. వెనక గోడంతా గడియారాలే, అన్నీ ఒకే నిమిషం మీద ఉన్నాయి.

"బాబాయిగారు ఉన్నారా పిన్నిగారూ?"

"కౌంటరబ్బాయివా? ఉన్నారు. నెలన్నరగా ఇంట్లోనే ఉన్నారు, నా ప్రాణానికి. నిన్న నా చేత మూడు గరిటెలు పట్టించి, ఏది చేతికి బరువుగా ఉందో చూసి చెప్పమన్నారు."

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. అడగాలనుకున్నది వేరు, నోట్లోంచి వచ్చింది వేరు. "ఎడమకన్ను మూసుకోవడం ఆయనకి పని అలవాటే కదండీ?"

ఆవిడ నన్ను కాస్త వింతగా చూసింది. "ఎడమకన్నా? అది పోయి ముప్పై ఏళ్ళయింది. అక్షరాలు రెండుగా కనిపిస్తున్నాయంటూ ఉండేవారు. గడియారం పనికి ఒక కన్ను చాలు కదా అని ఊరుకున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఏముంది. తెరిచినా మూసినా ఒకటే అయినప్పుడు మూసుకోవడమే మర్యాద అంటారు."

రెండు గొట్టాల సామాను దేనికండీ అన్నాను నేను, ఆయన్ని, నలుగురిలో.

బాబాయి లోపల్నుంచి వచ్చాడు. నన్ను చూసి కుర్చీ లాగాడు. నేను కూర్చోలేదు.

"కట్టు విప్పారా?" అన్నాడు.

"విప్పారు."

"ఆగిందా?"

"ఆగుతుందన్నారు. బాబాయ్, నేను ఆ రోజు..."

"నువ్వన్నదాంట్లో తప్పేముంది. ఒంటికంటివాడికి రెండు గొట్టాలెందుకని నాలుగు రోజులు నేనూ ఆలోచించా. నిజమే అనిపించింది. ఇంకో షాపు చూసుకుందామని వెళ్ళా కూడా."

"మరి?"

"అక్కడ కౌంటర్లో వాళ్ళందరికీ కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయోయ్. రెండోసారి వెళ్ళబుద్ధి కాలేదు."

దారిపొడుగునా కూర్చుకున్న క్షమాపణ ఒకటి ఉంది నా దగ్గర. చాలా చదివినవాణ్ణి కదా, బాగా కుదిరింది. అందులో ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు.

"గడియారం ఆగిపోయింది బాబాయ్" అన్నాను.

"ఎప్పుడు?"

"మీరు రాని ఆ మొదటి వారమే, బుధవారం. నాలుగుంబావుకి."

"నెలన్నరా? ఇప్పుడా చెప్పడం?" అంటూ ఆయన చెప్పుల కోసం వెతుక్కున్నాడు. కీ జేబులోనే ఉంది.

ఆరు నెలలకి అచ్చాఫీసు పరీక్ష మళ్ళీ రాశాను, కుడికంటికి ప్రత్యేకంగా చేయించిన గట్టి లెన్సుతో. ముప్పైతొమ్మిది తప్పులు పట్టాను. నలభయ్యోది పెద్దాయనే మరిచిపోయాడు, అది కూడా చూపించాను. ఉద్యోగం ఇచ్చారు. మంగళవారం పొద్దున మాత్రం సెలవు కావాలన్నాను. ఎందుకన్నారు. బైనాక్యులర్ కొనేది ఉందన్నాను.

ఇప్పుడు నేను కౌంటరుకి అవతల నిలబడుతున్నాను. బాబాయి కీ ఇచ్చి దిగి, లెన్సు తీయించి, నల్లది సున్నా మీద పెట్టి ఇస్తాడు. చూస్తాను. పచ్చది ఇస్తాడు. చూస్తాను. రింగుకి కన్ను ఆనించి చూసి రాసుకుంటాడు. "ఆరు. అక్కడే ఉంది." ప్రతి మంగళవారం ఆరే. ఆయన మొదటిసారి చెప్పినప్పుడు విని ఉంటే మూడు దగ్గర ఆగేది. మధ్యలో ఉన్న ఆ మూడు గీతలూ నా పొగరువి, ఇక వెనక్కి తిరగవు. దాని గురించి ఆయన ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే బాగాలేదు.

మొన్న అడిగాను. "ఇంతకీ బాబాయ్, ఇన్నేళ్ళు చూశారు కదా. నల్లది మంచిదా, పచ్చది మంచిదా?"

"నాకెలా తెలుస్తుందోయ్" అన్నాడు, అదేదో మామూలు సంగతి అయినట్టు. "నేనెప్పుడైనా రెండు గొట్టాల్లోంచి చూస్తే కదా. నువ్వు చెప్పు."

"నాకూ ఒకటిన్నరే కదా."

ఆయన పచ్చది చేతిలోకి తీసుకున్నాడు. "నీకు ఎడమది బాగుంది. నాకు కుడిది బాగుంది. ఇలా రా."

నన్ను కుడివైపు నిలబెట్టి, తను ఎడమవైపు నిలబడి, మొహానికి మొహం ఆనించి, పచ్చదాన్ని ఎంత వెడల్పుగా వస్తే అంత వెడల్పుగా సాగదీశాడు. ఎడమ గొట్టంలో ఆయన కుడికన్ను, కుడి గొట్టంలో నా ఎడమకన్ను. లెక్క ప్రకారం కుదరాలి. మధ్యలో రెండు చెవులు ఎక్కువయ్యాయి.

"నీ చెవి జరుపు."

"ఎక్కడికి జరపను బాబాయ్, అది మొహానికే ఉంది."

"ఊపిరి తీయకు. ఆఁ. గద్ద కనిపిస్తోందా?"

"సగం."

"ఏ సగం?"

"తోకవైపు."

"నాకు తలవైపు వచ్చింది. ఒకటే తల. బావుంది."

బిల్లులక్క బిల్లు రాయడం ఆపేసింది. ఓనరుగారు లోపల్నుంచి వచ్చి, మా ఇద్దర్నీ చూసి, గోడమీది గడియారాన్ని చూసి, వచ్చిన దారినే లోపలికి వెళ్ళిపోయారు. అప్పుడే తలుపు తోసుకుని ఒకాయన వచ్చాడు, పిట్టల్ని చూడ్డానికి మంచి బైనాక్యులర్ ఏదైనా ఉందా అంటూ. జేబులోంచి చీటీ తీసి, చెయ్యి చాచినంత దూరంలో పెట్టుకుని చదువుతున్నాడు.

బాబాయి నా మొహం నుంచి తన మొహం విడదీసుకున్నాడు. పచ్చదాని రింగు సున్నా మీదకి తిప్పాడు.